గాలికి పెరటి గుమ్మం



2019లో వచ్చిన ‘ఫోర్డ్ వర్సెస్ ఫెరారీ’ సినిమా మీలో కొంతమందైనా చూసే ఉంటారు. అందులో ఫెరారీల మీద పోటీకి దిగే ఫోర్డ్ కారు పేరు జీటీ40. ఫ్రాన్స్‌లో లె మాన్ అనే ఊళ్లో ఏటా 24 గంటల రేసు జరుగుతుంది. రాత్రీ పగలూ ఆగకుండా నడిపే రేసు. 1966 నుంచి 1969 దాకా వరసగా నాలుగేళ్లు అక్కడ జీటీ40 కుటుంబం కార్లే గెలిచాయి. పేరులో ఆ 40 ఏమిటంటే, కారు ఎత్తు. నేల నుంచి పైకప్పు దాకా దాదాపు 40 అంగుళాలే. పక్కన నిలబడితే కారు కప్పు మన నడుం దగ్గరికి వస్తుంది.

అసలు కార్లు తయారైనవే తక్కువ. మిగిలినవి కోట్లలో పలుకుతాయి. అందుకని ఇంగ్లండ్‌లో, అమెరికాలో, దక్షిణాఫ్రికాలో, ఆస్ట్రేలియాలో ఈ కారుకి నకళ్లు కడతారు. రెప్లికాలంటారు వాటిని. చాసిస్, ఫైబర్‌గ్లాస్ బాడీ విడివిడిగా అమ్మే కంపెనీలున్నాయి. కొనుక్కున్నవాళ్లు ఇంటి గ్యారేజీలో పెట్టుకుంటారు. సెలవు దొరికినప్పుడల్లా ఒక్కో భాగం బిగించుకుంటారు. ఏళ్ల తరబడి సాగే పని అది. ఇంటావిడ ఓర్పు మీద కూడా ఆధారపడే పని.

ఇలా కట్టేవాళ్లు కలిస్తే ఇంజన్ గురించి మాట్లాడుకుంటారు. ఎన్ని హార్స్ పవర్, ఏ గేర్‌బాక్స్, ఏ టైర్లు. రేడియేటర్ సంగతి ఎవరూ ఎత్తరు. కారు మొదటిసారి రోడ్డెక్కి, టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత వైపు పాకడం మొదలుపెట్టాక అప్పుడు ఎత్తుతారు. ఇవాళ నేను ఆ రేడియేటర్ గురించే చెప్తాను. నిజానికి రేడియేటర్ గురించి కంటే దాని చుట్టూ ఉండే గాలి గురించి ఎక్కువ చెప్తాను. చెప్పదలుచుకున్నది ఒకే ఒక్క మాట. గాలి లోపలికి రావడానికి దారి అందరూ పెడతారు. బయటికి పోవడానికి దారి పెట్టాలి.

మన ఇళ్ల సంగతే చూడండి. మే నెల. సాయంత్రం గాలి తిరిగింది. వీధి గుమ్మం బార్లా తెరిచారు. పెరటి గుమ్మం మూసే ఉంది. గాలి లోపలికి వస్తుందా? గుమ్మం దాకా వస్తుంది. అక్కడే ఆగుతుంది. హాల్లో కూర్చున్నవాళ్లకి చెమట ఆరదు. అదే ఇంట్లో ఎవరో లేచి పెరటి తలుపు తీస్తే చాలు, మొత్తం ఇంట్లోంచి గాలి దూసుకుపోతుంది. వీధి గుమ్మం అదే. మారింది పెరటి గుమ్మమే. కారు ముక్కు కూడా అలాంటి ఇల్లే. ముందున్న నోరు వీధి గుమ్మం. రేడియేటర్ హాలు. వెనక గాలి పోయే కంత పెరటి గుమ్మం. ఈ ఒక్క పోలిక గుర్తుంచుకోండి. మిగతాదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ముందు ఈ కారు అమరిక ఎలా ఉంటుందో చెప్తాను. ఇంజన్ డ్రైవర్ వీపు వెనక ఉంటుంది. పెద్ద వీ8 ఇంజన్. రేడియేటర్ మాత్రం ముందు, ముక్కులో. రెండిటి మధ్యా రెండున్నర మీటర్ల దూరం. వేడి నీళ్లు పైపులో ముందుకి రావాలి, చల్లబడ్డ నీళ్లు ఇంకో పైపులో వెనక్కి పోవాలి. ఆ పైపులు సీట్ల మధ్య నుంచో, తలుపు కింది గడప లోపల నుంచో వెళ్తాయి. ముక్కు చూస్తే చాలా పల్లంగా ఉంటుంది. రేడియేటర్‌ని నిటారుగా నిలబెడితే బానెట్ మూతపడదు. కాబట్టి ఏటవాలుగా వాల్చి పెట్టాలి. దాని వెనకే స్టీరింగ్ ర్యాకు, బ్రేకు సిలిండర్లు, సస్పెన్షన్. అసలు కారులోనైతే స్పేర్ వీల్‌కి కూడా ముక్కులోనే చోటివ్వాల్సి వచ్చింది. ఇంత ఇరుకులో గాలికి దారి వెతకాలి.

ఇప్పుడు కాస్త లెక్క చూద్దాం. భయపడకండి, చిన్న లెక్కే.

పెట్రోలు ఇంజన్‌లో మండే ఇంధనం శక్తి స్థూలంగా మూడు వాటాలవుతుంది. ఒక వాటా చక్రాలు తిప్పడానికి. ఒక వాటా పొగ గొట్టంలో వేడిగా పోతుంది. ఒక వాటా నీళ్లలోకి దిగుతుంది. అంటే చక్రాలకి ఎంత శక్తి ఇస్తున్నామో, దాదాపు అంత వేడి రేడియేటర్ బయట పారేయాలి. కారు పల్లంగా, నున్నగా ఉంటుంది కాబట్టి గంటకి 110 కిలోమీటర్ల వేగంతో పోవడానికి 20 కిలోవాట్లు పడుతుందనుకుందాం. అప్పుడు రేడియేటర్ పారేయాల్సిన వేడి కూడా సుమారు 20 కిలోవాట్లే. 300 హార్స్ పవర్ ఇంజన్ కదా అని కంగారు పడక్కర్లేదు. ఆ 300 రోడ్డు మీద ఒకేసారి వాడేది కొన్ని సెకన్లే.

ఈ 20 కిలోవాట్లు మోసుకుపోవడానికి ఎంత గాలి కావాలి? రేడియేటర్‌లోంచి పోతూ గాలి 30 డిగ్రీలు వేడెక్కుతుందనుకోండి. సెకనుకి అర ఘనపు మీటరుకి కాస్త పైన గాలి చాలు. రేడియేటర్ కోర్, అంటే గాలి దూరే సన్నటి రెక్కల భాగం, 60 సెంటీమీటర్ల వెడల్పు, 40 ఎత్తు అనుకుంటే, అంత గాలి దూరడానికి కోర్‌లో దాని వేగం గంటకి 8 కిలోమీటర్లు ఉంటే సరిపోతుంది. విన్నారా? కారు 110తో పోతోంది. కోర్‌లో గాలి 8తో కదిలితే చాలు. చకచకా నడిచే మనిషి వేగం కంటే కాస్త ఎక్కువ. అంతే.

మరి అలాంటప్పుడు ఇంజన్లు ఎందుకు మరుగుతున్నాయి? ఆ 8 కూడా అందడం లేదు కాబట్టి. ఎందుకు అందడం లేదు? పెరటి గుమ్మం మూసుకుపోయింది కాబట్టి.

ఇంజన్ హీటెక్కగానే చాలామంది చేసే మొదటి పని ఏమిటో తెలుసా? ముందున్న నోటిని ఇంకా పెద్దది చేస్తారు. అసలు కారు అందమంతా ఆ ముక్కులోనే ఉంది, దాన్ని రంపంతో కోస్తారు. నాకైతే మనసొప్పదు. పైగా ఫలితం ఉండదు. నోరు కోర్ అంత ఉండక్కర్లేదు. కోర్ వైశాల్యంలో మూడో వంతున్నా రోడ్డు కారుకి సరిపోతుంది. నోటి నుంచి కోర్ దాకా మధ్యలో గాలి గొట్టం మెల్లగా వెడల్పు కావాలి. వెడల్పవుతున్న కొద్దీ గాలి వేగం తగ్గుతుంది, ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడే గాలిని కోర్‌లోంచి తోస్తుంది. గోడలు ఒక్కసారిగా విచ్చుకుంటే గాలి గోడని వదిలేసి సుళ్లు తిరుగుతుంది. ఒక్కో గోడ 7 డిగ్రీలకి మించి వాలకపోతే మంచిదని లెక్క. ముక్కులో అంత పొడవు దొరకదు. ఉన్నంతలో సర్దుకోవాలి. నోటి అంచులు మాత్రం పదునుగా కాకుండా గుండ్రంగా ఉంచండి.

ఈ సంగతి విమానాలవాళ్లకి కార్లవాళ్ల కంటే ముందే బాగా తెలుసు. 1935లో ఇంగ్లండ్‌లో ఫార్న్‌బరోలోని విమాన పరిశోధన సంస్థలో మెరెడిత్ అనే శాస్త్రవేత్త ఒక నివేదిక రాశాడు. రేడియేటర్‌ని సరైన గొట్టంలో పెట్టి, గాలిని నెమ్మదింపజేసి, వేడెక్కిన గాలిని వెనక సన్నని ద్వారంలోంచి వేగంగా వదిలితే, రేడియేటర్ వల్ల విమానానికి ఎదురయ్యే అడ్డు చాలావరకు తగ్గించవచ్చని చూపించాడు. రెండో ప్రపంచ యుద్ధంలో పీ-51 మస్టాంగ్ విమానం పొట్ట కింద వేలాడే గొట్టం ఆ సూత్రం మీద పనిచేసిందే. కారు వేగానికి అంత లాభం రాదు. కానీ గాలికి లోపలి ద్వారం, గది, బయటి ద్వారం మూడూ కలిపి ఒకటిగా ఆలోచించాలన్న పద్ధతి కారుకీ వర్తిస్తుంది.

ఇక మధ్యలో సందులు. దీన్ని అందరూ తేలిగ్గా తీసుకుంటారు. రేడియేటర్ చుట్టూ రెండు సెంటీమీటర్ల సందు వదిలారనుకోండి. చూడ్డానికి అదేం లెక్కలోది కాదు. కోర్ చుట్టుకొలత రెండు మీటర్లు. రెండు మీటర్లని రెండు సెంటీమీటర్లతో హెచ్చిస్తే 400 చదరపు సెంటీమీటర్లు. మన నోరేమో 800 చదరపు సెంటీమీటర్లు. అంటే ముందు తెరిచిన వీధి గుమ్మంలో సగం అంత దొడ్డిదారి పక్కన పెట్టినట్టు. గాలికి ఏం పట్టింది, సన్నటి రెక్కల మధ్య నుంచి దూరడానికి? పక్క సందులోంచి పోతుంది. పైగా ట్రాఫిక్‌లో ఆగినప్పుడు వెనకనున్న వేడి గాలి ఆ సందుల్లోంచే మళ్లీ ముందుకొచ్చి, అదే కోర్‌లోకి దూరుతుంది. కాబట్టి సందులు పూర్తిగా మూయాలి. అల్యూమినియం రేకు, అంచుకి స్పాంజి పట్టీ. అంతకంటే ఖరీదైనదేం అక్కర్లేదు. ఖర్చుకీ ఫలితానికీ పొంతన లేని పని కారు మొత్తంలో ఏదైనా ఉంటే ఇదే.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. పెరటి గుమ్మం.

గంటకి 100 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు ఎదురుగాలి కారు ముక్కు మీద పెట్టే ఒత్తిడి ఎంతో చెప్పుకుందాం. నీళ్ల మట్టంలో చెప్పాలంటే 47 మిల్లీమీటర్లు. అంటే ఐదు సెంటీమీటర్ల ఎత్తు నీళ్లు పెట్టేపాటి ఒత్తిడి కూడా లేదు. వేగం 50కి తగ్గితే అది సగం కాదు, నాలుగో వంతుకి పడిపోతుంది. 12 మిల్లీమీటర్లు. మనకున్న పెట్టుబడి అంతే. వెనక గది ఇరుకై, అక్కడ 20 మిల్లీమీటర్ల ఎదురొత్తిడి పోగైతే, 47లో మిగిలేది 27. దాంతో గాలి కోర్‌లోంచి ఎలా దూరుతుంది? అందుకే ముందు నోరు ఎంత పెంచినా లాభం లేదంటున్నాను. నోరు పెంచితే ఆ 47 పెరగదు. వెనక ఒత్తిడి తగ్గిస్తే మాత్రం లాభం వెంటనే కనిపిస్తుంది.

వెనక ఒత్తిడి ఎలా తగ్గించాలి? కారు ఒంటి మీద గాలి ఒత్తిడి అన్నిచోట్లా ఒకేలా ఉండదు. ముక్కు కొసన ఎక్కువ. ముందు అద్దం మొదట్లో, బానెట్ అద్దాన్ని కలిసేచోట, మళ్లీ ఎక్కువ. ఈ రెండిటికీ మధ్య, బానెట్ వంపు తిరిగి పైకొచ్చేచోట ఒత్తిడి తక్కువ. అక్కడ గాలి లోపలి నుంచి బయటికి లాగుతుంది. జీటీ40 బానెట్ మీద కనిపించే పెద్ద కంతలు ఆ ప్రాంతంలోనే ఉంటాయి. అలంకారం కోసం పెట్టినవి కావవి. కొంతమంది వాటికి దట్టమైన జాలీ బిగించి సగం మూసేస్తారు. ఇంకొంతమంది కంతలు ఉంచి, కింద గొట్టం కట్టరు. రేడియేటర్ వెనక గాలి ముక్కంతా తిరిగి, బ్రేకు సిలిండర్లని వేడి చేసి, దొరికిన సందులోంచి కాళ్ల దగ్గరకి వస్తుంది. కారులో కూర్చున్నవాళ్లు ఉడికిపోతారు. రేడియేటర్ వెనక్కి కూడా ఒక గొట్టం కట్టి, వేడి గాలిని నేరుగా ఆ కంతల దగ్గరకి తీసుకుపోవాలి. ముందు గొట్టం కంటే ఈ వెనక గొట్టమే ముఖ్యం.

ఆ కంత ఎంత పెద్దది ఉండాలి? గాలి వేడెక్కితే ఉబ్బుతుంది. 20 డిగ్రీల గాలి 70కి వస్తే ఆరో వంతు పైగా పెరుగుతుంది. కాబట్టి పెరటి గుమ్మం వీధి గుమ్మం కంటే కాస్త పెద్దదే ఉండాలి. చిన్నది ఎప్పుడూ పనికిరాదు. కంత ముందంచు మీద ఒకటిన్నర సెంటీమీటర్ల రేకు పట్టీ కొద్దిగా పైకి లేచేలా పెడితే, దాని వెనక ఒత్తిడి ఇంకా తగ్గి, లోపలి గాలిని లాగుతుంది. వెనకంచుని లోపలికి గుండ్రంగా వంచాలి. ఇంకో లాభం కూడా ఉంది. వేడి గాలిని కారు కిందకి వదిలితే, అడుగున ఒత్తిడి పెరిగి ముక్కు తేలికవుతుంది. వేగంలో స్టీరింగ్ పట్టు తప్పుతుంది. పై నుంచి వదిలితే ముక్కు నేలని అంటిపెట్టుకుంటుంది. ఒక జాగ్రత్త. కారు లోపలికి గాలి తీసుకునే మార్గం అద్దం మొదట్లో పెట్టకండి. బానెట్ మీంచి వచ్చే వేడి గాలి సరిగ్గా అక్కడే దిగుతుంది.

పెద్ద కంపెనీలకి కూడా ఈ పాఠం సులువుగా రాలేదు. లంబోర్గినీ కౌంటాచ్ ఉంది కదా. మార్చెల్లో గాండీని గీసిన కారు. 1971లో జెనీవా ప్రదర్శనలో మొదటి నమూనా పెట్టారు. పక్కల చేప మొప్పల్లాంటి సన్నటి చీలికలు తప్ప ఒళ్లంతా నున్నగా ఉండేది. దాన్ని రోడ్డు మీద బాబ్ వాలెస్ అనే టెస్ట్ డ్రైవర్ పరీక్షలకి నడిపాడు. ఆ చీలికల్లోంచి వచ్చే గాలి ఇంజన్‌ని చల్లబరచడానికి చాల్లేదు. 1974లో అమ్మకానికి వచ్చేసరికి తలుపుల మీద లోతుగా చెక్కిన గాలి దారులు, భుజాల మీద పెద్ద పెట్టెలు వచ్చాయి. ఇవాళ ఆ పెట్టెల్ని చూసే జనం ముచ్చటపడతారు.

ఇంతవరకు కారు పరిగెత్తుతున్నప్పటి సంగతి. ఆగినప్పుడు? అప్పుడు ఎదురుగాలి లేదు. ఫ్యాను ఒక్కటే దిక్కు. ఫ్యానుని రేడియేటర్ వెనక పెట్టి, కోర్‌లోంచి గాలి లాగేలా బిగించడం మేలు. ఫ్యాను గుండ్రం, కోర్ దీర్ఘచతురస్రం. నేరుగా కోర్‌కి బిగిస్తే ఫ్యాను ఎదురుగా ఉన్న భాగం మాత్రమే చల్లబడుతుంది. మూలలు వృథా. అందుకని కోర్ మొత్తాన్ని కప్పే డొప్ప పెట్టి, దానికి ఫ్యాను బిగించాలి. అయితే అదే డొప్ప వేగంలో గాలికి అడ్డం పడుతుంది. డొప్పలో చిన్న చిన్న కిటికీలు కోసి, వాటికి పైనుంచి వేలాడే రబ్బరు రెక్కలు పెడితే రెండు పనులూ సాగుతాయి. ఆగినప్పుడు ఫ్యాను లాగుడుకి రెక్కలు మూసుకుంటాయి. పరుగులో గాలి తోపుకి తెరుచుకుంటాయి.

ఫ్యాను మోటారుకి వైరు నేరుగా స్విచ్చికి ఇవ్వకండి, రిలే పెట్టండి. వైర్లు తారుమారైతే ఫ్యాను ఎదురు తిరిగి, గాలిని ముందుకి నెడుతుంది. తిరుగుతున్న చప్పుడు విని సరిగ్గానే ఉందనుకుంటాం. ఒక కాగితం ముక్క కోర్ ముందు పట్టుకోండి. అతుక్కోవాలి. ఎగిరిపోతే వైర్లు మార్చండి.

గాలి గురించి చెప్పాను. ఇప్పుడు నీళ్ల వైపు. అక్కడ కూడా మన శత్రువు గాలే. విచిత్రం చూడండి. బయట గాలి రావాలి, పోవాలి. నీళ్లలో మాత్రం గాలి బుడగ మిగలకూడదు.

ఈ కారులో ముక్కు పల్లం, ఇంజన్ మెరక. పైపులేమో నేలకి దగ్గరగా వెళ్లి, ముక్కు దగ్గర మళ్లీ పైకి లేచి రేడియేటర్‌లో కలుస్తాయి. వెనక ట్యాంకులో నీళ్లు పోస్తే, నీళ్లు పైపులోంచి ముందుకి వస్తాయి. రేడియేటర్ కింది భాగం నిండుతుంది. పై భాగంలో ఉన్న గాలికి పోయే దారి లేదు. అక్కడే ఇరుక్కుంటుంది. కోర్‌లో మూడో వంతు గాలితో నిండి ఉంటే, ఆ మూడో వంతు లేనట్టే. మెకానిక్కులు ఎయిర్ లాక్ అంటారు దీన్ని. దీనికి మందు చిన్నదే. రేడియేటర్‌లో అన్నిటికంటే ఎత్తైన మూల ఒక బ్లీడ్ స్క్రూ పెట్టించండి. నీళ్లు పోసే ట్యాంకుని ఇంజన్ దగ్గర, మొత్తం వ్యవస్థలో అన్నిటికంటే ఎత్తులో బిగించండి. ట్యాంకు నింపి, ముందు స్క్రూ వదులు చేస్తే, నీళ్లు తమ మట్టం తాము వెతుక్కుంటూ పైకి వచ్చి గాలిని బయటికి తోస్తాయి. బుడగలు ఆగి నీళ్లు ధారగా కారాక స్క్రూ బిగించండి. ఇంజన్ పైభాగం నుంచి ట్యాంకుకి ఒక సన్నటి గొట్టం, ట్యాంకు అడుగు నుంచి పంపు పీల్చేవైపుకి ఒక లావు గొట్టం కూడా ఉండాలి. అప్పుడు నడుస్తున్నప్పుడు పుట్టే బుడగలు కూడా ట్యాంకులోకి చేరి ఆగిపోతాయి.

పైపులు బయటి వ్యాసం 38 మిల్లీమీటర్లవి చాలామంది వాడతారు. పోనూ రానూ కలిపి ఐదు మీటర్లు. వాటిలోనే దాదాపు ఐదు లీటర్ల నీళ్లు పడతాయి. కూలెంట్ కొనేటప్పుడు ఇది లెక్కలో వేసుకోండి. పైపు కొసలకి ఉబ్బెత్తు అంచు తిప్పించాలి, లేకపోతే ఒత్తిడికి హోస్ జారిపోతుంది. పంపు పీల్చేవైపు పొడవాటి మెత్తని హోస్ పెట్టకండి. ఇంజన్ వేగం పెరిగితే నొక్కుకుపోతుంది. థర్మోస్టాట్ తీసి పారేసే అలవాటు కొందరికి ఉంది. అది ఇంజన్‌కి మంచిది కాదు. ట్యాంకు మూత ఒక బార్ ఒత్తిడికి తగ్గది వేస్తే నీళ్లు 100 డిగ్రీల దగ్గర కాకుండా 120 దగ్గర మరుగుతాయి. ఆ 20 డిగ్రీలే మనకి వెసులుబాటు. రేడియేటర్‌ని చాసిస్‌కి గట్టిగా బోల్టు చేయకుండా రబ్బరు బుష్‌ల మీద కూర్చోబెట్టండి. చాసిస్ మెలితిరిగితే కోర్ పగలకూడదు.

ఇదంతా ఇంగ్లండ్, అమెరికా సంగతి, మాకెందుకంటారా? నిజమే, ఇక్కడ ఇలాంటి కారు కట్టి రోడ్డెక్కించడం కష్టం. కంపెనీ ఇచ్చిన స్వరూపం మార్చిన బండికి రిజిస్ట్రేషన్ ఇవ్వకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంగ్లండ్‌లోనైతే ఒక్కో బండిని విడిగా పరీక్షించి రోడ్డుకి అనుమతించే పద్ధతి ఉంది. కానీ ఎండ మాత్రం మనదే ఎక్కువ. రేడియేటర్ ఎంత వేడి పారేయగలదన్నది నీళ్లకీ గాలికీ మధ్య తేడా మీద ఆధారపడుతుంది. నీళ్లు 90 డిగ్రీలు, ఇంగ్లండ్‌లో గాలి 20. తేడా 70. మే నెల విజయవాడలో గాలి 45. తేడా 45. అదే రేడియేటర్, అదే గాలి వేగం, పని మాత్రం మూడింట రెండొంతులకి కాస్త తక్కువ. టెక్సాస్‌లోనో, అరిజోనాలోనో గ్యారేజీ పెట్టుకున్న మన తెలుగువాళ్లు ఇంగ్లండ్ కొలతల్ని చూసి రేడియేటర్ ఆర్డరిస్తే ఈ తేడా మర్చిపోకూడదు. పైగా ముందు ఏసీ కండెన్సర్ ఉంటే, కోర్‌కి వచ్చేసరికే గాలి ఇంకా వేడెక్కి ఉంటుంది.

మీ ఇంటి ముందున్న మామూలు కారుకి కూడా ఇదే వర్తిస్తుంది. చిన్న ప్రమాదం జరిగి బంపర్ మార్పించారనుకోండి. రేడియేటర్ చుట్టూ ఉండే స్పాంజి పట్టీలు, పక్కల నల్లటి ప్లాస్టిక్ రేకులు, ఇంజన్ అడుగున ఉండే కవరు, ఇవన్నీ మళ్లీ బిగించారో లేదో చూసుకోండి. విరిగిపోయాయని చెత్తలో వేస్తుంటారు. బండి అందంగా తిరిగొస్తుంది. వేసవి రాగానే ఏసీ చల్లగా రాదు, ముల్లు పైకి పోతుంది. థర్మోస్టాట్ మారుస్తారు, పంపు మారుస్తారు, చివరికి రేడియేటరే మారుస్తారు. పోయింది రెండు స్పాంజి పట్టీలు. గాలి పక్కదారి పట్టింది, అంతే.

మళ్లీ మన రెప్లికా దగ్గరికి. గొట్టాలు కట్టారు, సందులు మూశారు, పెరటి గుమ్మం తెరిచారు. పని చేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? తాపీ మేస్త్రీలు మట్టం చూసుకోవడానికి వాడే ప్లాస్టిక్ ట్యూబు ఒకటి తెచ్చుకోండి. సన్నటిదైతే మంచిది. మధ్యలో యూ ఆకారంలో వంచి, ఒక పలక మీద నిలువుగా అతికించండి. రంగు నీళ్లు సగం దాకా పోయండి. ఒక కొసని రేడియేటర్‌కి ముందు గదిలోకి, ఇంకో కొసని వెనక గదిలోకి తీసుకెళ్లండి. కొస మీదకి గాలి నేరుగా కొట్టకుండా చూడండి. పక్క సీట్లో ఒక మనిషిని కూర్చోబెట్టి పలక పట్టుకోమనండి. రద్దీ లేని రోడ్డు మీద నిలకడగా 100తో పోండి. రెండు వైపులా నీళ్ల మట్టాల తేడా కొలవమనండి. 47 మిల్లీమీటర్లలో 30 దాకా కనిపిస్తే మీ ముక్కు బాగా ఊపిరి పీలుస్తున్నట్టు. పదో పన్నెండో కనిపిస్తే ఎక్కడో దారి మూసుకుంది. అప్పుడు వెనక కొస పీకి పలక దగ్గర వదిలేసి, కారు అద్దాలు మూసి, మళ్లీ అదే వేగంతో పోండి. ముందు గదిలో ఒత్తిడి బాగానే చూపిస్తే వీధి గుమ్మానికి వంక లేదు. తప్పు పెరట్లో ఉంది. బానెట్ మీద కంత చుట్టూ జానెడు దూరంలో ఊలు పోగులు టేపుతో అంటించి, పక్క కారులోంచి ఫోనులో వీడియో తీయించండి. పోగులు నున్నగా వెనక్కి పడుకుంటే సరే. ఎక్కడ పిచ్చిగా కొట్టుకుంటున్నాయో, ఎక్కడ ముందుకి తిరుగుతున్నాయో అక్కడ కంత అంచు మార్చాలి. అట్ట ముక్కతో, టేపుతో మార్చి చూడండి. కుదిరాక ఫైబర్‌గ్లాస్‌తో పక్కా చేయండి.

ఇవన్నీ బాడీకి రంగు వేయించకముందే చేయాలి. రంగు వేసి, పాలిష్ పట్టి, మధ్యలో రెండు తెల్ల చారలు కూడా తీయించాక, ఆ బానెట్ మీద రంపం పెట్టడానికి ఎంతటివాడికైనా చెయ్యి రాదు.